గుంపులో గోవిందయ్య

మొన్న మా కళాశాల వార్షికోత్సవానికి ఒక పౌరాణిక నాటకం వేయిద్దామని వేషాలు పంచడానికి కూర్చున్నాను. రాజు వేషానికి ఏడుగురు ముందుకు వచ్చారు. మంత్రి వేషానికి నలుగురు. ద్వారపాలకుడి దగ్గరకు వచ్చేసరికి అందరూ బల్లల మీది గీతలు పరిశీలించడం మొదలుపెట్టారు. చివరికి వెనక వరసలో కూర్చున్న ఒక పొడుగుపాటి కుర్రవాడికి ఆ వేషం అంటగట్టి బయటపడ్డాను. వాడు సాయంత్రం నా గదికి వచ్చాడు.

"మేష్టారూ, ఆ ఈటె పట్టుకుని నిలబడే వేషం నాకొద్దండీ. మా ఇంటిల్లిపాదీ చూడ్డానికి వస్తున్నారు."

"అందులో మాట కూడా ఉంది కదుటోయ్!"

"'చిత్తం, మహాప్రభూ' అన్నది కూడా ఒక మాటేనా అండీ?"

నాకు చప్పున జవాబు తోచలేదు. రేపు చూద్దాం లెమ్మని పంపించేశాను. ఆ రాత్రి పక్కమీద వాలాక మాత్రం నాకు ఒక గొడుగు జ్ఞాపకం వచ్చింది.

'సింగిన్ ఇన్ ది రెయిన్' అనే అమెరికన్ చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. 1952లో వచ్చింది. అందులో జీన్ కెల్లీ జోరువానలో గొడుగు చేతబట్టుకుని, వీధి దీపం స్తంభమెక్కి, నీటిమడుగుల్లో చిన్నపిల్లవాడిలా గెంతుతూ నాట్యం చేస్తాడు. ఆఖరున పోలీసువాడొకడు వచ్చి గుడ్లురిమి చూస్తే, పాట ముగించుకుని పోతూ పోతూ ఎదురువచ్చిన ఒక బాటసారి చేతిలో ఆ గొడుగు పెట్టేస్తాడు. బాటసారి దాన్ని పుచ్చుకుని గబగబా వెళ్ళిపోతాడు. అంతే, రెండు మూడు క్షణాలు. ఆ పాటను లోకమంతా చూసింది. కాని ఆ గొడుగు పుచ్చుకున్నవాడెవడని అడిగినవాళ్ళు ఎందరు?

అతని పేరు స్నబ్ పోలార్డ్. ముప్ఫై ఏళ్ళ క్రితం అతనే హీరో!

అసలు పేరు హెరాల్డ్ ఫ్రేజర్. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో పుట్టాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో పోలార్డ్ కుటుంబం వారి 'లిల్లీపుట్ ఒపేరా' అని పిల్లల నాటక సమాజం ఒకటి ఉండేది. పెద్దలు వేయవలసిన హాస్య సంగీత రూపకాలను చిన్నపిల్లల చేత వేయించి ఊళ్ళూ దేశాలూ తిప్పేవారు. మన దగ్గర సురభి వారి పిల్లలు నడక రాగానే రంగస్థలం ఎక్కినట్లన్నమాట. అయితే సురభి వారిది సొంత కుటుంబం. వీళ్ళు ఊరి పిల్లలు. ఆ సమాజంలో పెరిగినవాళ్ళు కొందరు పోలార్డ్ అన్న పేరునే ఇంటిపేరు చేసుకున్నారు. మన ఫ్రేజర్ కూడా అలాగే పోలార్డ్ అయ్యాడు.

మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఆ కుటుంబంలోని ఆర్థర్ పోలార్డ్ అనే ఆయన నడిపిన పిల్లల బృందం మన మద్రాసుకూ వచ్చింది. 1910లో అక్కడే ఆ యాత్ర ముక్కలైపోయింది. యజమాని తమను హింసిస్తున్నాడని పిల్లలు మొరపెట్టుకున్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి పిల్లలను స్వదేశానికి పంపించారు. పిల్లలను ప్రదర్శనల కోసం దేశం దాటించకుండా ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ ఏడే ఒక చట్టం చేసింది. చప్పట్లు కొట్టిన ప్రేక్షకులకు తెర వెనక ఏడుపు ఎప్పుడు వినబడింది కనుక!

స్నబ్ పోలార్డ్ అమెరికా చేరి మూగ సినిమాల్లో ప్రవేశించాడు. 1915లో చాప్లిన్ తీసిన 'బై ది సీ' అనే చిన్న చిత్రంలో కనిపిస్తాడు. తర్వాత హాల్ రోచ్ అనే నిర్మాత దగ్గర చేరి, హెరాల్డ్ లాయిడ్ పక్కన వరసగా వేషాలు వేశాడు. లాయిడ్ కొడితే పడడం, తరిమితే పరుగెత్తడం అతని పని. పెద్ద మీసం ఒకటి తలకిందులుగా అతికించినట్లు రెండువైపులా కిందికి వేలాడుతుండేది. ఆ మీసమే అతని చిరునామా.

1919లో రోచ్ ఇతనిచేతే సొంతంగా చిత్రాలు తీయించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటి పది పన్నెండు నిమిషాలు నడిచే హాస్య చిత్రాలు. వీటిలో 'ఇట్స్ ఎ గిఫ్ట్' (1923) అన్నది ఇప్పటికీ దొరుకుతుంది. తప్పక చూడండి, పిల్లలకు చూపించండి. అందులో ఇతను వింత యంత్రాలు కనిపెట్టే మనిషి. మంచం మీదనుంచి లేవకుండానే తాళ్ళు లాగుతుంటాడు. ఒక తాడు లాగితే కోడి పెట్టిన గుడ్డు దొర్లుకుంటూ వస్తుంది, ఇంకొకటి లాగితే ఇంకొకటి. ఇక అతని కారుకు పెట్రోలు అక్కర్లేదు. తూటా ఆకారంలో ఉన్న బండిలో కూర్చుని, గుర్రపు నాడా వంటి పెద్ద అయస్కాంతాన్ని ముందు పోయే కారు వైపు పట్టుకుంటాడు. ఆ కారు ఇతన్ని లాక్కుపోతుంది. అది వేరే దారి పడితే అయస్కాంతం ఇంకొకడి వైపు తిప్పుతాడు. మా ఇంట్లో ఈ చిత్రం చూసి మా శ్రీమతి, "ఇలా ఇంకొకళ్ళ బండికి తగులుకుని బతికేసేవాళ్ళు మన వీధిలోనే నలుగురున్నారు" అంది. పేర్లు అడగలేదు నేను.

తన చిత్రజీవితాన్ని తలుచుకుని పోలార్డ్ ఒకసారి హాస్యంగా లెక్క చెప్పాడు. ముఖం మీద 14,000 క్రీము పైలు కొట్టించుకున్నాడట. 600 మోటార్లు, రెండు రైళ్ళు గుద్దాయట. ఒక జిరాఫీ కూడా తన్నిందట! అతిశయోక్తే, సందేహం లేదు. కాని ఆ నవ్వుల కింద ఒళ్ళు ఎంత హూనమైందో ఊహించుకోవచ్చు.

తర్వాత ప్రజల అభిరుచి మారింది. లాయిడ్, కీటన్, చాప్లిన్ పెద్ద చిత్రాలకు ఎదిగారు. ఇతను చిన్న చిత్రాలలోనే ఉండిపోయాడు. చవక కంపెనీలలో, లారెల్ హార్డీల నకలుగా, ఒక లావుపాటి నటుడి పక్కన కొన్నాళ్ళు వేషాలు వేశాడు. 1929 షేర్ల పతనంలో దాచుకున్నది కాస్తా పోయింది. అదే సమయంలో మాటల చిత్రాలు వచ్చిపడ్డాయి.

ఇక్కడ నాబోటివాడైతే ఊరు విడిచిపోయేవాడు. ఒకప్పుడు తన పేరుతో ప్రకటనలు అంటించిన ఊళ్ళోనే పేరులేని వేషానికి వెళ్ళి నిలబడడం తేలిక కాదు. హాలీవుడ్‌లో చిల్లర వేషగాళ్ళను పంపించే 'సెంట్రల్ కాస్టింగ్' అనే కార్యాలయం 1925లో ఏర్పడింది. పని కోసం వేలమంది దానికి ఫోను చేస్తుండేవారు. ఎక్కువసార్లు వచ్చే జవాబు "పని లేదు" అనే.

పోలార్డ్ మాత్రం కదల్లేదు. కౌబాయ్ చిత్రాలలో టెక్స్ రిటర్ వెంట తిరిగే 'పీ వీ' అనే తోడుగాడయ్యాడు. 1939లో వచ్చిన 'హాలీవుడ్ కావల్‌కేడ్' పాత హాస్య చిత్రాలను తలుచుకుంటూ తీసిన చిత్రం. అందులో పాతకాలపు పోలీసు వేషం వేశాడు. అంటే తన యవ్వనానికి తానే నకలు వేశాడన్నమాట. 1952లో చాప్లిన్ 'లైమ్‌లైట్'లో వీధి వాద్యగాళ్ళలో ఒకడు. గొడుగు పుచ్చుకున్నదీ ఆ సంవత్సరమే. ఆ చిత్రం పేర్లలో అతని పేరు లేదు.

1960లో హాలీవుడ్ వీధి కాలిబాటలో ప్రముఖుల పేర్లతో నక్షత్రాలు పొదిగినప్పుడు ఇతని పేరునా ఒకటి పొదిగారు. అప్పటికీ ఇతను చిల్లర వేషాలే వేస్తున్నాడు! 1961 డిసెంబరులో విడుదలైన ఫ్రాంక్ కాప్రా 'పాకెట్‌ఫుల్ ఆఫ్ మిరకిల్స్'లోనూ చిన్న వేషం ఉంది. మరుసటి నెల, 1962 జనవరి 19న పోలార్డ్ చనిపోయాడు.

మర్నాడు ఆ కుర్రవాణ్ణి పిలిచి ఈ కథంతా చెప్పి, వానపాట చూపించాను. వాడు గొడుగు దగ్గర ఆపమని, వెనక్కి తిప్పించుకుని రెండుసార్లు చూశాడు.

"ఆయన ఆగి జీన్ కెల్లీ వైపు చూడనైనా లేదేమండీ?" అన్నాడు.

"వానలో పోయేవాడు ఆగుతాడుటోయ్? తొందరగా ఇంటికి పోతాడు."

వాడు ఏమీ అనలేదు. సాయంత్రం మా నాటకానికి సామాను చేసే వడ్రంగి కనిపించి, మీ కుర్రాడొకడు వచ్చి ఈటె తన భుజం కంటె జానెడు ఎత్తుండాలని కొలత ఇచ్చి వెళ్ళాడని చెప్పాడు.