దీపాన్ని ఆర్పడమే మరమ్మతా?

రోగమొకటైతే మందింకొకటి అని మన పెద్దలు ఊరకనే అనలేదు. వైద్యుని విషయంలో వెంటనే స్ఫురించే ఈ మాట నేటి మోటారు వాహనాల మరమ్మతుకు మరింతగా వర్తిస్తుందని నా అభిప్రాయం. కారులో పెట్రోలు ఆవిరిని బయటకు పోనీయకుండా కాపాడే ఏర్పాటు ఇందుకు చక్కని ఉదాహరణ.

పెట్రోలు సులభంగా ఆవిరయ్యే ద్రవం. కారు కదలక ఎండలో నిలిచి ఉన్నా టాంకులో ఆవిరి పుడుతూనే ఉంటుంది. అది గాలిలో కలసి, సూర్యకాంతిలో నైట్రోజన్ ఆక్సైడులతో చర్య జరిపినప్పుడు, ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోను ఏర్పడుతుంది. లాస్ ఏంజెలిస్ నగరాన్ని కమ్మిన కాలుష్యపు పొగ రహస్యాన్ని 1950 దశకపు తొలి సంవత్సరాలలో ఏరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ విధంగానే వివరించాడు. పిమ్మట 1970 నమూనా కార్లతో కాలిఫోర్నియాలోను, 1971 నమూనాలతో అమెరికా అంతటా ఆవిరి నియంత్రణ తప్పనిసరి అయినది.

ఈ ఏర్పాటు సూత్రం సరళమైనది. టాంకులోని ఆవిరి బొగ్గు నింపిన డబ్బాలోనికి పోయి అక్కడ నిలుస్తుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరచుకొనగా, ఇంజను ఆ ఆవిరిని పీల్చుకొని మండిస్తుంది. వెంట్ వాల్వు బయటి గాలిని లోనికి రానిస్తుంది. 1996 నమూనాల నుండి అమెరికాలో వాహనంలోని కంప్యూటరు తన లోపాలను తానే కనిపెట్టే పద్ధతి తప్పనిసరి అయినది. తరువాతి నమూనాలలో అది అర మిల్లీమీటరు రంధ్రాన్ని సైతం పసిగట్టి, డ్రైవరు ఎదుట హెచ్చరిక దీపం వెలిగిస్తుంది.

డాలస్ నగరంలో ఉద్యోగం చేస్తున్న నా తమ్ముని కారులో కొంతకాలం క్రితం ఈ దీపం వెలిగింది. ఆ ప్రాంతంలో ఏటేటా జరిగే కాలుష్య పరీక్షలో దీపం వెలుగుతున్న కారు నెగ్గదు. పరీక్షలో నెగ్గనిదే రిజిస్ట్రేషను కొనసాగదు. కారు లేనిదే అతనికి ఉద్యోగం లేదు. ఒక మరమ్మతుశాలవారు కంప్యూటరులో పి 0455 అనే సంకేతం చూచారు. దాని అర్థం పెద్ద లీకు ఉన్నదని. వెంటనే టాంకు మూత మార్చారు. నాలుగు రోజులకు దీపం మళ్ళీ వెలిగింది. బొగ్గు డబ్బా మార్చారు. మళ్ళీ వెలిగింది. చివరకు మరొకచోట పొగ పంపి చూడగా, టాంకు పైభాగాన ఒక రబ్బరు గొట్టం వంపు వద్ద పగిలి ఉన్నది. ఆ గొట్టం ఖరీదు డబ్బా వెలలో పదోవంతు కూడా కాదు!

సంకేతం అబద్ధమాడలేదు. లీకు ఉన్నదని చెప్పింది. ఎక్కడ ఉన్నదో చెప్పలేదు. ఆ ప్రశ్నను జవాబుగా భావించడమే జరిగిన పొరపాటు.

పరిశోధనకు కాలం పడుతుంది, కూలి పెరుగుతుంది, భాగం మార్చడమే చౌక అని వాదించేవారున్నారు. మూత విషయంలో ఈ వాదం న్యాయమే. అది చౌక, తరచు దోషం దానిదే. అంతకు మించి చెల్లదు. మూత, దాని రబ్బరు వలయం చూచిన పిదప గొట్టాలను, కీళ్ళను తడిమి చూడాలి. విద్యుత్తు అందనప్పుడు పర్జ్ వాల్వు మూసుకొని ఉండాలి. చేతి పంపుతో గాలి కొడితే అటు పోరాదు. వెంట్ వాల్వు ఇందుకు విరుద్ధంగా సాధారణంగా తెరచి ఉంటుంది. పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను మొరాయిస్తే మొదటి దానిని, పోస్తుండగా బంకు గొట్టం మాటిమాటికీ ఆగిపోతుంటే రెండవ దానిని అనుమానించవచ్చు. అప్పటికీ తేలకపోతే పొగ పరీక్ష ఉన్నది. అతి స్వల్ప పీడనంతో పంపిన పొగ రంధ్రం నుండి వెలువడి చోటు చూపుతుంది. టైర్లకు గాలి కొట్టే యంత్రంతో ఈ పని చేయరాదు. టాంకు పగిలే ప్రమాదం ఉన్నది. దరిదాపులలో నిప్పు ఉండరాదు.

కొందరు మరమ్మతు చేయకుండానే సంకేతాన్ని చెరిపి దీపాన్ని ఆర్పుతారు. అలా చెరిపినప్పుడు కంప్యూటరు తాను పూర్తి చేసిన పరీక్షల లెక్కను కూడా మరచిపోతుంది. తనిఖీలో ఆ సంగతి బయటపడుతుంది. యంత్రం సాక్ష్యం చెప్పకున్నా, ఇది మోసమే.

వాహనదారుని బాధ్యత లేదని కాదు. బంకులో గొట్టం ఆగిన తరువాత కూడా "ఇంకొంచెం పోయి" అనడం మనలో చాలమందికి అలవాటు. ఆ అదనపు పెట్రోలు ద్రవరూపంలో బొగ్గు డబ్బాలోనికి చేరి దానిని పాడుచేయగలదు.

ఇది దూరదేశపు గొడవ అని తోసివేయలేము. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు మన దేశమంతటా అమలైనవి. నేడు మన వీధులలోని పెట్రోలు కార్లలో, స్కూటర్లలో సైతం ఈ బొగ్గు డబ్బా ఉన్నది. వాటిని బాగుచేసే చేతులలో మన ఇండ్ల పిల్లల చేతులు ఎన్నో ఉన్నవి.

నా విద్యార్థి దశలో కళాశాలకు పోయే దారిలో ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. అక్కడి ఉస్తాదు చదువుకొన్నవాడు కాడు. అయినా స్పానరు పట్టడానికి ముందు బండి యజమానిని మూడు ప్రశ్నలు అడిగేవాడు: ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఈ మధ్య దేనిని విప్పారు? పరికరాలు మారినా ఆ మూడు ప్రశ్నలకు కాలం చెల్లలేదు. ప్రశ్న చదవకుండా కంఠస్థం చేసిన జవాబు వ్రాసే విద్యార్థి, కారణం వెదకకుండా భాగం మార్చే పనివాడు ఒక్క కోవకు చెందినవారే. నష్టం మాత్రం ఒకచోట మార్కులకు, మరొకచోట పేదవాని కష్టార్జితానికి. సోదర విద్యార్థులు ఈ భేదాన్ని గుర్తింతురుగాక!