మెట్ల వాద్యము, వీణ మెట్టు : కలకత్తా సాక్ష్యము

కలకత్తా నగరమున 1789వ సంవత్సరమున జోసెఫ్ కూపర్ ముద్రించిన ఒక సంగీత గ్రంథము వెలువడినది. దాని పేరు ‘ది ఓరియెంటల్ మిసెలనీ’. సంకలనకర్త విలియం హామిల్టన్ బర్డ్. నాడు హిందుస్థానమున ప్రచారములోనున్న 30 బాణీలను రేఖ్తా, టప్పా, తరానా, రాగిణి అను తెగల పేర్లతో గుర్తించి, హార్ప్సికార్డుపై వాయించుటకు అనువుగా పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి, బర్డ్ ఆ గ్రంథమును వారన్ హేస్టింగ్సునకు అంకితము చేసెను. హిందుస్థానీ బాణీలను మెట్ల వాద్యమునకు అనువదించి అచ్చొత్తించిన తొలి సంపుటముగా దీనికి ప్రసిద్ధి కలదు. ఇది నాటి గానమునకు నమ్మదగిన సాక్ష్యమని కొందరు, పరాయి వాద్యము చేతిలో పాడైన వికృతరూపమని కొందరు తలంచుచున్నారు. రెండు వాదములును దోషమును గాని గుణమును గాని వాద్యమునకే అంటగట్టుచున్నవి. పరిశీలింపవలసినది వాద్యము కాదు, దానిని కొలబద్దగా చేసికొనిన చెవి.

బర్డ్ తన పీఠికలో ఈ బాణీలను కాలప్రమాణమునకు లోబఱచుటకు తాను పడిన శ్రమను చెప్పుకొనినాడు. లోపము హిందుస్థానీ సంగీతమునందే యున్నదని ఆతని నమ్మకము. త్రితాలమును, దాద్రాను ఎఱిగినవారికి ఈ మాట నవ్వు పుట్టింపక మానదు. పాడువారికి తాళము లేకపోలేదు. అది ఆతని లెక్కకు అందలేదు. బాణీకి క్రింది స్వరములను తోడుచేసి, యూరపు వారి స్వరక్రమములలో దానిని ఇమిడ్చి, ఆతడు గ్రంథమును ముగించినాడు. 2015లో జేన్ చాప్మన్ అను విదుషీమణి ఈ గ్రంథమును హార్ప్సికార్డుపై వాయించి ధ్వనిముద్రణముగా వెలువరించినది. వినుటకు ఇంపుగనే యున్నది. కాని రేఖ్తా యని ముందుగా తెలుపనిచో ఏ యూరపు సభాభవనపు నృత్యగీతమో యని శ్రోత పొరబడవచ్చును.

బర్డ్ కంటె ఒక యేడు ముందు, 1788లో, ఆసియాటిక్ సొసైటీ వారి పరిశోధన సంపుటములలో మొదటిదానియందు ఫ్రాన్సిస్ ఫౌక్ అను కంపెనీ ఉద్యోగి వీణను గూర్చి వ్రాసిన లేఖ ప్రకటింపబడినది. సర్ విలియం జోన్సునకు వ్రాసిన ఆ లేఖ చిన్నదే యైనను బర్డ్ గ్రంథమంతటికంటె విలువైనది. స్వరాంతరముల విషయమున తన చెవిని నమ్మక, బీన్‌ను హార్ప్సికార్డునకు శ్రుతి చేయించి, రెండింటిని ఒక్కొక్క స్వరముగా పలుమార్లు పోల్చి చూచితినని ఫౌక్ తెలిపినాడు. ఆ నిజాయితీ మెచ్చదగినది. అయినను శ్రుతి దేనికి దేనిని చేసిరో గమనింపవలెను. లోబడినది బీన్, కొలిచినది హార్ప్సికార్డు. ఫౌక్ పోల్చినది మెట్లను మాత్రమే. మెట్టు మీద తీగను లాగి వైణికుడు పుట్టించు మీండ్ ఆతని కొలతలోనికి రాలేదు. రాగము నిలుచుచోటు అదియే కదా!

తెలుగు భాషలో ఇచట ఒక చిత్రమున్నది. వీణకున్నవియు మెట్లే, హార్మోనియమునకున్నవియు మెట్లే. మాట ఒకటే గాని వీణమెట్టు స్వరమునకు మొదలు, హార్మోనియపు మెట్టు స్వరమునకు తుద.

స్థిరస్వరముల చిక్కు యూరపు వారికే పుట్టినది కాదు. విజయనగరమున అళియ రామరాయల ప్రేరణమున రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ని రచించెను. అంతర గాంధారమునకు, కాకలి నిషాదమునకు వేరు మెట్లు పెట్టినచో వీణ మీద మెట్లు క్రిక్కిఱియునని గ్రహించి, పొరుగుననున్న స్వరములనే వానికి ప్రతినిధులుగా గైకొనవచ్చునని ఆతడు సమాధానము చెప్పినాడు. సరిగా అయిదేండ్లకు, 1555లో, ఫెరారా ప్రభువంశమునకు చెందిన కార్డినల్ ఇప్పోలీతో దెస్తె ఆశ్రయముననున్న నికోలా విచెంతీనో వేరు త్రోవ త్రొక్కెను. అష్టకమును 12 భాగములతో సరిపుచ్చక 31 భాగములు చేసి, అందుకు తగిన మెట్లతో ‘ఆర్కిచెంబాలో’ అను వాద్యమును తన గ్రంథమున వర్ణించెను. ఒకరు మెట్లు తగ్గించిరి, ఒకరు పెంచిరి. వాద్యమునకు సంగీతమంతయు పట్టదను ఎఱుక మాత్రము ఇరువురకును సమానమే. 1688లో ఫ్లారెన్సున మెదీచీ రాజకుమారుడు ఫెర్దినాందో కొలువున చేరిన బార్తొలొమెయో క్రిస్తోఫోరికి ఇంకొక కొఱత తోచినది. హార్ప్సికార్డునందు ఈక ములుకు తీగను మీటును; వ్రేలు ఎంత గట్టిగా నొక్కినను నాదము పెరుగదు. సుత్తితో తీగను కొట్టించి మెల్లనగా, గట్టిగా పలికించు వాద్యమును ఆతడు నిర్మించెను. 1700 నాటి ఆస్థానపు వస్తువుల పట్టికలో అది కనిపించును. పియానోకు అదియే మూలము. ఆస్థానములలోని శిల్పులకు, శాస్త్రకారులకు ఉండిన ఈ అసంతృప్తి కలకత్తా సంకలనకర్తకు లేకపోయెను.

తరువాతి కథ ఎఱిగినదే. కలకత్తాలో 1875లో ద్వారకానాథ ఘోషు నెలకొల్పిన ద్వార్కిన్ సంస్థ చేతి తిత్తితో నేలపై కూర్చుండి వాయించు హార్మోనియమును వ్యాప్తికి తెచ్చెను. 1938లో జాన్ ఫౌల్డ్స్ అను సంగీతకర్త దీనిపై తీవ్రమైన వ్యాసము వ్రాసి, మరుసటి యేడు ఈ కలకత్తాలోనే కన్నుమూసెను. 1940 జనవరిలో రవీంద్రనాథుడు కలకత్తా రేడియో కేంద్రము వారికి వ్రాసి హార్మోనియమును వెడలగొట్టుమని కోరెను. ఆ యేడే రేడియోలో నిషేధము వచ్చినది. 1971 వఱకు సడలలేదు. ముప్పదియేండ్ల ఈ నిషేధము వలన గ్రామములలో హార్మోనియము తగ్గినదా? తగ్గలేదు. తెలుగు పద్యనాటక రంగమున దాని స్థానము చెక్కుచెదరలేదు. ‘వన్స్ మోర్’ అని ప్రేక్షకులు కేకవేయగా నటుడు పద్యాంతమున రాగము సాగదీయుచున్నప్పుడు, హార్మోనియము ఆతనికి ఆధారషడ్జమును కాచుచుండును, గమకము నటుని గొంతులోనే యుండును. ఇట్టి తోడునకు నిషేధమెందులకు?

చేటు వచ్చునది వేఱొక చోట. నాటక పద్యములను, జానపద గేయములను సేకరించు పరిశోధకులు బాణీని హార్మోనియముపై వెదకి, దొరికిన మెట్టును ‘రి’ యనియో ‘గ’ యనియో వ్రాసికొనుట కద్దు. అది బర్డ్ పద్ధతియే. పాడినవారు గతించిన పిమ్మట ఆ కాగితమే ప్రమాణమై నిలుచును. గొంతును ధ్వనిముద్రణ మొనర్చి, దానిని మూలముగా భద్రపఱచి, స్వరలిపిని కేవలము సూచికగా చేర్చుట నేడు కష్టసాధ్యము కాదు. తెలుగు శాఖలు జానపద సేకరణకు ఈ నియమము పెట్టుకొనవలెను. ఫౌక్ లేఖను తెనిగించి, స్వరమేళకళానిధిలోని వీణాప్రకరణముతో ప్రక్కప్రక్కన అచ్చువేయించినచో, ఆ పనికి దిగు విద్యార్థికి తొలిపాఠము దొరకును.