బ్యాంకు తీసే తరుగు

నందిపేట్ బజారులో ఎవరిని కదిలించినా ఒకటే మాట: బ్యాంకువాళ్లు కోసుకున్న పైసలు మళ్లీ రావు. కిరాణా షావుకారుదీ అదే మాట, పిండి గిర్నీ నడిపేవాడిదీ అదే మాట, ఎరువుల దుకాణదారుదీ అదే. నాలుగు అక్షరాలు వచ్చినవాళ్లు దానికి ఒక తోక తగిలిస్తారు: సంతకం పెట్టింది మనమే కదా, ఇప్పుడు మొత్తుకుంటే ఏం లాభం? ఇంకాస్త లోకం చూసినవాళ్లు గొంతు తగ్గించి చెబుతారు: రెండు మూడు వందల కోసం మేనేజరుతో వైరం పెట్టుకుంటే, రేపు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ రెన్యువల్‌కు పోయినప్పుడు తెలుస్తది. ఈ మాటలన్నీ కలిసి గట్టి నమ్మకమై కూర్చున్నాయి. ఆ నమ్మకం తప్పు. బ్యాంకులకు దాన్ని మించిన లాభసాటి నమ్మకం ఇంకొకటి లేదు కూడా.

వడ్ల కొనుగోళ్ల కాలం వస్తే ఈ నిజామాబాద్ జిల్లాలో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. క్వింటాలుకు ఇన్ని కిలోలని తరుగు తీస్తున్నారని రైతులు రోడ్డెక్కుతారు, ధాన్యం బస్తాలు అడ్డం పెట్టి బస్సులు ఆపుతారు, అధికారులను పిలిపించి లెక్క అడుగుతారు. అడగాల్సిందే. కానీ అదే రైతు కొడుకు మండల కేంద్రంలో దుకాణం తెరిచి కరెంట్ అకౌంట్ తీసుకున్నాక, ఆ ఖాతాలోంచి నెలనెలా పోయే తరుగును మాత్రం వానో ఎండో అన్నట్టు భరిస్తాడు.

ఆ తరుగుకు రకరకాల పేర్లున్నాయి. సగటు నిల్వ తగ్గిందని ఒకటి, నగదు జమ పరిమితి దాటిందని ఒకటి, చెక్కుబుక్కుకు ఒకటి, ఎస్సెమ్మెస్‌లకు ఒకటి. సీసీ ఖాతా ఉంటే ప్రాసెసింగ్, ఇన్‌స్పెక్షన్, స్టాక్ స్టేట్‌మెంట్ ఆలస్యానికి జరిమానా. ఆ చివరి జరిమానా తప్ప మిగతావాటి మీద 18 శాతం జీఎస్టీ. అవన్నీ కలిపి నెలకు 500 అనుకోండి. పన్నుతో 590 అవుతుంది. ఏడాదికి 7,080. జీఎస్టీ నమోదు లేని దుకాణదారుకు, కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాడికి ఆ పన్ను కూడా వెనక్కి రాదు. ఐదేళ్లకు 35 వేలు దాటిన ఈ సొమ్మును చిల్లర అంటున్నాం.

బ్యాంకు దీన్ని చిల్లర అనుకోదు. 2018 నుంచి ప్రభుత్వ బ్యాంకులు, ఐదు పెద్ద ప్రైవేటు బ్యాంకులు కలిసి కనీస నిల్వ లేనందుకు, అదనపు ఏటీఎం లావాదేవీలకు, ఎస్సెమ్మెస్‌లకు 35,587 కోట్ల రూపాయలు వసూలు చేశాయని 2023 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వమే రాజ్యసభకు చెప్పింది. అందులో కనీస నిల్వ జరిమానా ఒక్కటే 21,044 కోట్లు. అంతకుముందు 2017లో స్టేట్ బ్యాంకు ఎనిమిది నెలల్లో 1,771 కోట్లు ఇలా రాబట్టింది. ఆ ఏడాది జులై-సెప్టెంబర్ త్రైమాసికంలో ఆ బ్యాంకు లాభం కన్నా అది ఎక్కువ. జనం తిట్టారు, పత్రికలు రాశాయి, పార్లమెంటులో అడిగారు. జరిమానా ముందు తగ్గింది, 2020 మార్చిలో పొదుపు ఖాతాలకు పూర్తిగా పోయింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు అదే దారి పట్టాయి. అడిగితే ఏం లాభం అనేవాళ్లు ఈ వరస ఒకసారి చూడాలి.

అయితే ఈ ఉపశమనమంతా పొదుపు ఖాతాలకే. కరెంట్ అకౌంట్ ఉన్న చిన్న వ్యాపారి గడప బయటే నిలబడ్డాడు. అసలు అన్యాయం ఇక్కడుంది. ఈ ప్రాంతంలో వ్యాపారం పన్నెండు నెలలూ ఒకే తీరుగా నడవదు. పసుపు, ఎర్రజొన్న అమ్ముడుపోయిన రోజుల్లో పాత బాకీలు వసూలై ఖాతా నిండుతుంది. వానాకాలం పెట్టుబడుల వేళ సరుకంతా ఉద్దెరకే పోతుంది, ఖాతా అడుగంటుతుంది. బోధన్ వైపు చెరుకు బిల్లుల మీద తిరిగిన బజారుకు 2015 డిసెంబర్‌లో నిజాం షుగర్స్ మూతపడ్డాక ఆ ఆసరా కూడా పోయింది. సగటు నిల్వ లెక్కగట్టే కంప్యూటరుకు ఈ పంటల క్యాలెండరు తెలియదు. చేతిలో పైసలు లేని నెలలోనే పైసలు లేనందుకు జరిమానా వేస్తుంది.

ఇక సంతకం సంగతి. బ్యాంకు ఫారం మీద పెట్టిన సంతకంతో అన్ని హక్కులూ పోతాయన్నది మన ఊళ్లలో చదువుకున్నవాళ్లు పెంచిన మూఢనమ్మకం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా దక్కేది సహేతుకమైన పరిహారమే, ఆ రాసుకున్న మొత్తానికి లోబడి. ఇక 1999 నుంచి సర్వీసు చార్జీలు నిర్ణయించుకునే స్వేచ్ఛ బ్యాంకుల బోర్డులకు ఉన్న మాట నిజమే. కానీ ఆ స్వేచ్ఛకు రిజర్వు బ్యాంకు ఏళ్ల తరబడి కంచెలు కడుతూనే వచ్చింది. మనవాళ్లు వాటి పేరు కూడా వినలేదు.

ఎస్సెమ్మెస్ చార్జీ వాడుకను బట్టే ఉండాలని 2013 నవంబర్‌లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. మూడు మెసేజీలు వచ్చిన ఖాతాకూ మూడొందలు వచ్చిన ఖాతాకూ ఒకే మొత్తం పడుతుంటే అడగాలి. అప్పు కిస్తీ ఆలస్యమైనప్పుడు వేసే జరిమానాను వడ్డీ రేటుకు కలపకూడదని, దాని మీద మళ్లీ వడ్డీ గట్టకూడదని 2023 ఆగస్టులో ఆదేశించింది. 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త అప్పులకు, ఆ జూన్ చివరికల్లా పాత అప్పులకు అది అమలులోకి వచ్చింది. 2024 అక్టోబర్ నుంచి చిన్న వ్యాపారాలకిచ్చే టర్మ్ లోన్లకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి. ఆ కాగితంలో లేని చార్జీని అప్పు తీరేదాకా మీ స్పష్టమైన సమ్మతి లేకుండా వేయకూడదు. ఇక్కడ సంతకం మనకే కాదు, బ్యాంకుకూ సంకెలే. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన ఫ్లోటింగ్ రేటు వ్యాపార రుణాలను వ్యక్తులు, సూక్ష్మ, చిన్న వ్యాపారాలు ముందే తీర్చేస్తే, పెద్ద వాణిజ్య బ్యాంకులు ముందస్తు చెల్లింపు రుసుం తీసుకోకూడదు. వేరే బ్యాంకుకు మారదామంటే మెడకు పడే ఉచ్చు అదే కాబట్టి, ఈ నిబంధన విలువ చిన్నది కాదు.

తిరిగి ఇచ్చిన దాఖలాలు లేవా? మూడున్నాయి, మూడూ ఇటీవలివే. యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద 2020 జనవరి 1 నుంచి వసూలు చేసిన చార్జీలను వెంటనే వాపసు ఇవ్వాలని ఆ ఏడాది ఆగస్టు 30న ప్రత్యక్ష పన్నుల బోర్డు బ్యాంకులకు చెప్పింది. (దుకాణంలో మోగే సౌండ్‌బాక్సు అద్దె వేరు, దాన్ని ఇందులో కలపకండి.) కరోనా మారటోరియం ఆరు నెలలకు వడ్డీ మీద వడ్డీ వేసినప్పుడు, సుప్రీంకోర్టుకు మొదట వెళ్లినవాళ్లలో ఆగ్రాలో కళ్లద్దాల దుకాణం నడుపుకునే ఒక మామూలు మనిషి ఉన్నాడు. ఆ కేసు వల్ల రెండు కోట్ల దాకా అప్పులున్నవారికి చక్రవడ్డీకీ మామూలు వడ్డీకీ ఉన్న తేడా 2020 నవంబర్‌లో ఖాతాల్లో పడింది. 2021 మార్చి 23న, ఒక చిన్నతరహా పరిశ్రమల సంఘం వేసిన కేసులో, అప్పు ఎంతదైనా ఆ చక్రవడ్డీ తిరిగి ఇవ్వాలనో సర్దుబాటు చేయాలనో కోర్టు తీర్పిచ్చింది. ముచ్చటగా మూడోది 2024 ఏప్రిల్ 29 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్. డబ్బు చేతికివ్వకముందే, మంజూరు తేదీ నుంచో ఒప్పందం రాసుకున్న తేదీ నుంచో వడ్డీ లెక్కగడుతున్నారని తనిఖీల్లో బయటపడింది. అలా ఎక్కువ తీసుకున్నది వాపసు ఇమ్మన్నారు. ముద్ర లోనో మరొకటో తీసుకున్నవాళ్లు, మంజూరు కాగితం తేదీని, డబ్బు ఖాతాలో పడిన తేదీని పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. దానికి లాయరు అక్కర్లేదు.

అడిగే తీరు మాత్రం తెలిసి ఉండాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఓడిపోతారు. కోపంగా పోయి "మీ చార్జీలు మరీ ఎక్కువ" అంటారు. ఆ వాదన నిలవదు. ధర ఎంత ఉండాలన్నది బ్యాంకు వాణిజ్య నిర్ణయం, అందులో ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కూడా తలదూర్చడు. బ్రిటన్‌లో 2006, 2007లో లక్షలాది మంది ఉత్తరాలు రాసి ఓవర్‌డ్రాఫ్టు చార్జీలు వాపసు తెచ్చుకున్నారు. కోర్టు దాకా పోకుండా బ్యాంకులు చాలామందికి ఇచ్చేశాయి. కానీ చివరికి 2009 నవంబర్ 25న అక్కడి సుప్రీంకోర్టు, ఆ చార్జీలు సేవల ధరలో భాగమేనని, ధర న్యాయమా కాదా అని తూచడం కుదరదని బ్యాంకుల వైపే తేల్చింది. అందుకే మన వాదన ధర మీద ఉండకూడదు. ముందు చెప్పారా, చార్జీల పట్టికలో ఉందా, రిజర్వు బ్యాంకు నిబంధనకు లోబడి ఉందా, ఆ సేవ అసలు జరిగిందా? మీ దుకాణానికి ఎవరూ రాకుండానే ఇన్‌స్పెక్షన్ చార్జీ పడితే అది ఎక్కువ తక్కువల గొడవ కాదు. చేయని పనికి కూలి తీసుకోవడం.

బ్యాంకు నుంచి మూడేళ్ల స్టేట్‌మెంట్ తీసుకుని చార్జీల వరుసలన్నీ విడిగా రాసుకోండి. ఒక్కో దాని పక్కన తేదీ, మొత్తం, పైన పడిన జీఎస్టీ. ఏ నిబంధన కింద తీశారో, అప్పటి చార్జీల పట్టిక ఏదో చూపమని, చూపలేని మొత్తం పన్నుతో సహా వాపసు ఇమ్మని బ్రాంచి మేనేజరుకు దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాటకు విలువ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, 2021 నవంబర్ 12న మొదలైన రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్ వ్యవస్థకు పోవచ్చు. రిజర్వు బ్యాంకు సీఎంఎస్ పోర్టల్‌లో గానీ, చండీగఢ్‌లోని కేంద్రానికి ఉత్తరం ద్వారా గానీ ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు. 14448కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. గడువు ఉంటుంది కాబట్టి ఏళ్లూపూళ్లూ నానబెట్టొద్దు.

వినియోగదారుల కమిషన్‌కే పోదామని కొందరంటారు. కరెంట్ అకౌంట్ వ్యవహారంలో అది రాళ్ల బాట. వ్యాపారం కోసం ఓవర్‌డ్రాఫ్టు తీసుకున్న స్టాక్ బ్రోకర్ వినియోగదారుడు కాడని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అంబుడ్స్‌మన్ దగ్గర ఆ అడ్డంకి లేదు.

మేనేజరు భయం గురించి ఒక మాట. అది వట్టి భ్రమ అనను. మండల కేంద్రంలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టే బ్రాంచీలు, అప్పు కావాలంటే ఆ గుమ్మమే ఎక్కాలి. కానీ చార్జీల పట్టిక మేనేజరు రాసింది కాదు, ఎక్కడో హెడ్డాఫీసులో తయారైంది. ముద్ర వేసిన దరఖాస్తు చేతిలో ఉంటే, పైవాళ్లకు రాసి చార్జీ రివర్స్ చేయించడానికి అతనికీ ఒక ఆధారం దొరుకుతుంది. అంబుడ్స్‌మన్ దాకా పోయిన ఫిర్యాదు బ్రాంచికి మచ్చ, కాబట్టి అక్కడిదాకా పోనివ్వకుండా చూసుకోవాలని అతనికే ఎక్కువ ఆత్రం. ఒక్కడిగా పోవడానికి జంకితే పదిమంది కలిసి పొండి. పండుగ చందాలు వసూలు చేయడానికి, బంద్‌లు ప్రకటించడానికి వర్తక సంఘాలు ఎలాగూ ఉన్నాయి. ఏడాదికి ఒక్కసారి సభ్యుల స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూర్చుంటే సంఘానికి ఒక మంచి పని దొరుకుతుంది.

చివరికి అడగాల్సింది రిజర్వు బ్యాంకును. పొదుపు ఖాతాల కోసం 2014 నవంబర్ 20న అది ఒక సర్క్యులర్ ఇచ్చింది. నిల్వ తగ్గితే ముందు ఖాతాదారుకు చెప్పాలి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి, జరిమానా తగ్గిన మొత్తానికి తగ్గట్టే ఉండాలి, జరిమానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఇందులో ఒక్క షరతూ చిన్న వ్యాపారి కరెంట్ అకౌంట్‌కు వర్తించదు. పొదుపు ఖాతాలో లక్షలు దాచుకున్న ఉద్యోగికి ఉన్న రక్షణ, రోజుకు నాలుగైదు వేల గల్లాతో ఇల్లు నడిపే కిరాణా కొట్టుకు లేదు. ఈ తేడాకు ఏ సమర్థనా లేదు. నందిపేట్, ఆర్మూర్, బోధన్ వర్తక సంఘాలు ఒకే పేజీలో ఈ ఒక్క కోరిక తెలుగులోనే రాసి హైదరాబాద్ రిజర్వు బ్యాంకు కార్యాలయానికి, నిజామాబాద్ ఎంపీకి పంపాలి. ఈలోపు మార్చి లెక్కలు మూసేటప్పుడు, ఏ నిబంధన కింద పోయిందో బ్యాంకు చూపలేని ప్రతి చార్జీని ఖర్చుల పద్దులోంచి తీసి, బ్యాంకు నుంచి రావాల్సిన బాకీ కింద రాయండి.