బ్యాంకు లేని ఇల్లు, దస్తావేజు లేని యజమాని

అమెరికాలో ఇళ్ల వ్యాపారం నేర్పే వీడియోల్లో ఈ మధ్య ఒకటే ఊదర: బ్యాంకుతో పని లేదు, క్రెడిట్ స్కోరు అడగరు, అమ్మేవాడే అప్పిస్తాడు. అమ్మేవాడికి నెలనెలా రాబడి, కొనేవాడికి సొంతిల్లు. అక్కడ పెట్టుబడులు వెతుక్కునే తెలుగువాళ్ల చెవిన పడుతున్నదీ ఇదే. పేదవాడిని ఓ ఇంటివాణ్ణి చేసే పుణ్యకార్యమట!

ల్యాండ్ కాంట్రాక్టు అనే ఈ ఏర్పాటులో కొనేవాడు బయానా ఇచ్చి, మిగతా సొమ్ము అమ్మినవాడికే వాయిదాల్లో కడతాడు. ఆఖరి వాయిదా ముట్టేదాకా దస్తావేజు అమ్మినవాడి పేరునే ఉంటుంది. ఇంటిపన్ను, బీమా, కారే కప్పు మాత్రం సాధారణంగా కొన్నవాడి నెత్తినే. వాయిదా తప్పాడా, పాత పద్ధతిలో వేలం ఊసే లేదు. కాంట్రాక్టు రద్దు, కట్టిందంతా అద్దె కింద జమ. మరమ్మతులకేమో యజమాని, గెంటేసేటప్పుడు అద్దెకున్నవాడు. ఖాళీ అయిన ఇంటిని మళ్లీ ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అంటే కొన్నవాడు నిలదొక్కుకోవడం కన్నా చతికిలబడటమే అమ్మినవాడికి లాభం.

ఈ పుణ్యం షికాగోకు బాగా తెలుసు. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ నల్లవాళ్ల పేటల్లో రుణాలకు హామీ ఉండనంది. బ్యాంకులు మొహం చాటేశాయి. ఆ సందులో దూరింది కాంట్రాక్టు వ్యాపారులే. 1961లో క్లైడ్ రాస్ అనే నల్లజాతీయుడు ఆ నగరంలోని నార్త్ లాన్‌డేల్ పేటలో ఇలాగే 27,500 డాలర్లకు ఇల్లు కొన్నాడు. అమ్మినవాడు ఆరు నెలల ముందే దాన్ని 12,000కు కొన్నాడు! 1968లో అక్కడి బాధితులు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి, వాయిదాలు కట్టబోమని సమ్మె చేశారు. కొందరి సామాను వీధిన పడింది. 1950, 60 దశకాల్లో షికాగో నల్లవాళ్లు ఇలా పోగొట్టుకున్నది 300 నుంచి 400 కోట్ల డాలర్లని డ్యూక్ విశ్వవిద్యాలయం 2019లో లెక్క తేల్చింది. వీడియో గురువులు ఈ లెక్క ఎందుకు చెప్పరో!

అది పాత కథ అంటారా? వడ్డీ మతవిరుద్ధమని బ్యాంకు గడప తొక్కని మినసోటా సోమాలీ ముస్లింలకు, వడ్డీ లేదంటూ ఇదే సరుకు అంటగట్టారు. ఆ రాష్ట్రం 2024లో చట్టాన్ని బిగించాల్సి వచ్చింది. బ్యాంకుల దోపిడీ తప్పుతుందన్న వాదన సరే. దోచే చెయ్యి మారితే జేబుకు ఒరిగేదేమిటి?

మన దగ్గర వాయిదాల ప్లాట్లకూ, ప్రీలాంచ్ ఆఫర్లకూ ఎగబడేవాళ్లు ఇదంతా అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. విక్రయ ఒప్పందం దానంతటది ఆస్తిపై ఏ హక్కూ ఇవ్వదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షనే చెబుతోంది.

అమెరికాలో దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 1973లో ఇండియానా సుప్రీంకోర్టుకు ఒక కేసు వచ్చింది. 36,000 డాలర్ల కాంట్రాక్టులో కొన్నవాళ్లు 21,000 కట్టేశారు. ఆ సొమ్ము దిగమింగడం కుదరదు, తనఖా కేసులాగే నడవాలంది కోర్టు. అన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టాలి. అప్పటిదాకా అక్కడ కొనేవాళ్లు చేయాల్సింది ఇదీ: సంతకానికి ముందు కౌంటీ రికార్డుల్లో ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో, దానిమీద ఇంకే తనఖా ఉందో చూసుకోండి. కాంట్రాక్టును అక్కడే నమోదు చేయిద్దామని అడగండి. అమ్మేవాడు నసిగితే లేచి వచ్చేయండి.