కొరియా బ్యాంకు – మన వలస సొమ్ము

కొరియా దేశపు బ్యాంకుల వాటాల వెల 2025లో మిక్కిలి పెరిగినది. వానిలో షిన్హాన్ సంస్థ 2027 నాటికి తన లాభమున సగము వాటాదారులకే ముట్టజెప్పుదుననియు, 5 కోట్ల వాటాలను తగ్గింతుననియు 2024 జూలైలోనే ప్రకటించియుండెను. వాటాలు తగ్గినకొలది మిగిలినవానికి వచ్చు లాభము హెచ్చును గదా! వర్తకులకు ఈ వార్త చాలును. మాకు మాత్రము ఆ బ్యాంకు పుట్టుకయే ముఖ్యముగా తోచుచున్నది.

దానిని 1982లో నెలకొల్పినవారు జపానులో స్థిరపడిన కొరియనులు. పరదేశమున చిన్నచూపునకు గురియై, అచ్చటి బ్యాంకులలో అప్పు పుట్టక, లీ హీగన్ మొదలగువారి పూనికతో ఒసాకాలో తమకొక పరపతి సంఘము నడుపుకొన్నవారు. వారి సొమ్మే సియోలులో మూలధనమయ్యెను. ఆ బ్యాంకే 2006లో, 1897 నాటి చోహుంగ్ బ్యాంకును తనలో కలుపుకొన్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో దుబాయికో మస్కటునకో మనిషిని పంపని పల్లె కలదా? మండుటెండలో ఇనుము మోసి పంపిన దిర్హములు ఇచ్చట ఏజెంటు అప్పునకు వడ్డీయగును, ఇల్లగును, బంగారమగును. మిగిలినది బ్యాంకులో డిపాజిట్టుగా పడియుండును. దానిని ఎవరికి అప్పీయవలెనో చెప్పు హక్కు పంపినవానికి లేదు. మరమగ్గము కొనదలచిన సిరిసిల్ల నేతపనివాడు ఆ బ్యాంకు ముందునుండియే నడచిపోయి వడ్డీవ్యాపారి గుమ్మమెక్కుచున్నాడు!

మనవనుకొన్న బ్యాంకులును పోయినవి. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో ముంబయి కేంద్రముగాగల యూనియన్ బ్యాంకులో కలిసెను; వెయ్యి వాటాలకు 325 వాటాలిచ్చి లెక్క ముగించిరి. నిజాము కాలమున 1941 శాసనముతో ఏర్పడిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు 2017లోనే అంతరించినది.

సహకార బ్యాంకనగానే 2001లో కుప్పకూలిన కృషి బ్యాంకు తలపునకు వచ్చి జనులు జంకుదురు. ఆ జంకు న్యాయమే. దొంగచేతికి తాళమిచ్చిన సంఘము నిలువదు. కాని 1970 నుండి సిరిసిల్ల ప్రజలు విద్యుత్తునే సహకార సంఘము ద్వారా పొందుచున్నారు గదా! గల్ఫు సోదరులే వాటాదారులుగా, రిజర్వు బ్యాంకు తనిఖీకి లోబడి, ఈ మూడు పట్టణములకును కలిపి ఒక బ్యాంకు ఏల పుట్టరాదు? ముందుగా తెలియవలసినది ఒకటి కలదు. ఈ పట్టణములందలి బ్యాంకుశాఖలు సేకరించిన డిపాజిట్లెంత, ఇచ్చటనే ఇచ్చిన అప్పులెంత? ఆ లెక్కను పఠనమందిరముల సభ్యులు అడిగి తెప్పించి గోడపై అంటింతురని ఎదురుచూచుచున్నాము.