పంపిన సంఘమే కన్నీళ్లూ తుడవాలి

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత సంఘాల పెద్దలకు, స్త్రీల సమాజాలకు, యౌవనస్థులకు మనవి.



మన బిడ్డ సువార్త పనికి పరదేశం బయలుదేరితే శాలువా కప్పుతాం, పూలదండ వేస్తాం, తలమీద చేతులుంచి ప్రార్థిస్తాం. ఆ తర్వాత మనం అడిగేది రిపోర్టు ఒక్కటే. ఎన్ని బాప్తిస్మాలు? ఎన్ని కూటాలు? అక్కడ కడుపు పోయిన పాస్టరమ్మ ఎవరితో చెప్పుకోవాలి? కన్నతల్లి మట్టిని సెల్‌ఫోన్‌లో చూసి, వచ్చే ఆదివారం వాక్యం చెప్పాల్సిన సేవకుడు ఎక్కడ ఏడవాలి? నోరు తెరిస్తే విశ్వాసం తక్కువంటారని లోలోపలే కుమిలిపోతున్నారు. ఈ పద్ధతి మారాలి.

తెలుగు నేలకు సువార్త కన్నీళ్లతోనే వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డిగ్రాంజెస్ కన్నుమూశారు. ఆ 1810లోనే అదే సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ బళ్లారిలో పని ప్రారంభించారు. 1953 దాకా మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోదే.

తెలుగు సంఘాలూ బిడ్డల్ని పంపాయి. నేటాల్ తోటల్లో కూలికి పోయిన తెలుగువారి కోసం నెల్లూరు ప్రాంత బాప్టిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాకు పంపాయి. 1915లో మరణించే దాకా ఆయన వారి మధ్యే సేవ చేశారు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడలో రావాలి. నేడు ఫోన్ చేతిలోనే ఉంది, పలకరింపే కరువైంది.

"దేవుడే ఆదరిస్తాడులే" అని కొందరంటారు. ఆదరిస్తాడు, సందేహం లేదు. ఎలా ఆదరించాడో కూడా చూడండి. చావు కోరుకుని చెట్టు కింద పడుకున్న ఏలీయాకు దూత రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. మాసిదోనియలో బయట పోరాటాలు, లోపల భయాలతో నలిగిన పౌలు, తీతు రావడమే తనకు దేవుడిచ్చిన ఆదరణ అని రాశాడు. తీతులా వెళ్లాల్సింది మనమే.

సుగ్గికి వలసపోయినవాళ్ల పిల్లల్ని, ముసలివాళ్లను ఊళ్లో ఉన్నవాళ్లు చూసుకోవడం మనకు తెలిసిందే. సేవకుల ఇళ్లనూ అలాగే చూసుకుందాం. ప్రతి సంఘమూ ఈ ఐదు పనులు చేపట్టాలని కోరుతున్నాం:

1. పంపిన ప్రతి కుటుంబానికీ నమ్మకమైన ఒకరిని ఏర్పాటు చేయాలి. లెక్కలు అడగకుండా నెలనెలా మాట్లాడాలి. విన్నది బయట పెట్టకూడదు.

2. చావు, జబ్బు వస్తే వెంటనే ఇంటికి రావడానికి కానుకల్లోంచి ప్రయాణ నిధి పక్కన పెట్టాలి.

3. సెలవుపై వచ్చినవారికి మొదటి నెల పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. కూటాలు పెట్టకూడదు.

4. ఇక్కడ ఉండిపోయిన, సేవకుల తల్లిదండ్రుల మందులు, ఆసుపత్రి సంగతి సంఘమే చూడాలి.

5. నిద్రపట్టక, దిగులుతో ఉన్నవారిని డాక్టరు దగ్గరికి పంపాలి. ప్రార్థన చేస్తూనే వైద్యం చేయించాలి. అర్ధంతరంగా తిరిగి వచ్చినవారిని ఓడిపోయినవారిగా చూడకూడదు.

వచ్చే కమిటీ కూటంలోనే దీన్ని తీర్మానం చేయండి. అంతకంటే ముందు, ఈ ఆదివారం ఆరాధన అయ్యాక దూరాన ఉన్న ఒక్క సేవకుడికైనా ఫోన్ చేయండి. పని గురించి అడగొద్దు. "నువ్వెట్లున్నావు నాయనా?" అని అడగండి, చెప్పేదంతా వినండి.