కళాశాలలు – మత్తుపదార్థములు

ఏటేట జూను 26వ తేదీన మన కళాశాలలలో ఊరేగింపులు, ఉపన్యాసములు, ప్రతిజ్ఞలు జరుగుచున్నవి. మాదకద్రవ్య నిరోధమునకై ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన దినమది. ఉద్దేశము శ్లాఘ్యమే. కాని చేయెత్తి ప్రతిజ్ఞ పలికినంతమాత్రమున మత్తునకు అలవడిన విద్యార్థి దానిని విడుచునా?

ఈ విషయమున అమెరికావారి యనుభవము గమనింపదగినది. పోలీసులచే పాఠశాలలలో బోధ చేయించుటకై 1983లో లాస్ ఏంజిలీసు నగరమున ఆరంభమైన ‘డేర్’ పథకము ఆ దేశమంతట వ్యాపించెను. పరీక్షించి చూడగా బాలుర నడవడిలో చెప్పదగిన మార్పు నిలువలేదని తేలినది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున అలన్ మార్లట్ మున్నగువారు వేఱు మార్గము త్రొక్కిరి. వారి పద్ధతిలో విద్యార్థితో ఏకాంతమున మాటలాడి, ఎంత త్రాగుచున్నాడో అతనిచేతనే చెప్పించి, తోడివారి నిజమైన లెక్కతో పోల్చి చూపుదురు. నిందింపరు; బెదిరింపరు. తోడివారు నిజముగా త్రాగునదానికన్న ఎక్కువ త్రాగుచున్నారని విద్యార్థులు భ్రమపడుదురని పెర్కిన్సు, బెర్కోవిట్జులు 1986లోనే చూపియుండిరి. ఆ భ్రమ తొలగినచో త్రాగుడు కొంత తగ్గును.

అయితే ఆ ఫలము స్వల్పము. నెలలు గడచినకొలది క్షీణించును. యంత్రముపై చూపినదానికన్న మనిషి యెదుట కూర్చుండి చెప్పినదే హెచ్చుకాలము నిలుచును. త్రాగుడు విషయమున ఋజువైనంతగా గంజాయి విషయమున ఋజువు కాలేదు. వ్యసనము ముదిరినవానికి మాటలు చాలవు, వైద్యము కావలెను.

ఎట్టి పద్ధతికైనను నమ్మకమే పునాది. చెప్పిన నిజము పోలీసు ఠాణాకు చేరునేమో, కళాశాలనుండి వెడలగొట్టుదురేమో యను భయమున్నంతవరకు విద్యార్థి నోరు విప్పునా? ఈ యెడ చట్టమే మనకన్న దయగలది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు పిదప చేర్చిన 64-ఎ సెక్షను ప్రకారము, స్వల్పపరిమాణపు నేరము మోపబడిన వ్యసనపరుడు తనంతతాను గుర్తింపుగల వైద్యశాలలో చేరి చికిత్స పొందినచో శిక్షకు గురిచేయరాదు, చికిత్సను పూర్తిచేయవలెను. ఈ సంగతిని ప్రతిజ్ఞతోబాటు ప్రతి విద్యార్థికి తెలుపవలదా?

అమ్మువానిపట్ల కాఠిన్యము చూపవలసినదే. చిక్కుకొన్నవానిపట్ల వైద్యుని యోర్పు కావలెను. ప్రతి కళాశాలలో శిక్షణ పొందిన సలహాదారుడు, చెప్పినమాట పైకి పొక్కదను లిఖితమైన హామీ, చేరిన మొదటి మాసముననే పలుకరింపు, ఏడాది పొడవున పునర్విచారణ ఉండవలెను. బిడ్డను పట్టణమునకు పంపి నెలనెల సొమ్మంపుటతో తండ్రి విధి తీరదు. ఈ యేర్పాట్లు గలవా యని కళాశాలవారిని అడుగుట ప్రతి తల్లికి, తండ్రికి హక్కు, అడుగకుండుట అపరాధము.